విజయనగరంలో చిన్న బార్ అండ్ రెస్టారెంటులో రాక్ సంగీతం: గది ఎంపిక నుంచి చివరి పాట దాకా

నలభై కుర్చీల బారులో నలుగురు కుర్రాళ్లు గిటార్లు, డ్రమ్ములు పట్టుకుని పాడితే వినడానికి జనం వస్తారా? యజమానులు మొదట అడిగే ప్రశ్న ఇదే. విజయనగరంలో ఆ దిగులు పెట్టుకోనక్కర్లేదు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్‌గా 1919లోనే సంగీత కళాశాల వెలసిన ఊరు ఇది. పాట బాగుంటే కూర్చుంటారు, శ్రుతి తప్పితే లేచిపోతారు. అసలు తేల్చుకోవలసింది వేరే ఉంది: మీ వెనక సందులో పిల్లలు ఆ రాత్రి నిద్రపోగలరా? చిన్న బారులో సంగీతాన్ని ఆపించేది ఖాళీ కుర్చీల కంటే ముందు పక్కింటివారి ఫోను కాలే. అందుకే ఈ వ్యాసంలో సగానికి సగం గోడలు, తలుపులు, డెసిబెళ్లే ఉంటాయి.

బార్ లైసెన్సు, వంటగది ఇప్పటికే ఉండి, వారానికి ఒక సాయంత్రం రాక్ పెట్టాలనుకునేవారి కోసం ఇది. ముప్పై నుంచి అరవై కుర్చీల గది అనుకుని చెబుతున్నాను.

1. ముందు గదిని వినండి

ఏదీ కొనకముందు, ఎవరినీ పిలవకముందు, రాత్రి తొమ్మిదిన్నరకు మీ బారు చుట్టూ ఒకసారి నడవండి. ఎన్ని కిటికీలు మీవైపు తెరుచుకుని ఉన్నాయో, ఎవరింట్లో వృద్ధులున్నారో, ఎవరింట్లో పదో తరగతి పిల్లలున్నారో రాసుకోండి. ఆసుపత్రి, బడి, కళాశాల, కోర్టు వీటిలో ఏదైనా వంద మీటర్ల లోపు ఉంటే అది నిశ్శబ్ద మండలంలోకి వస్తుంది. అక్కడ రాక్ ఆలోచన మానుకోవడమే మంచిది. ఈ ఊళ్లో వీధికో నర్సింగ్ హోము, సందుకో కాన్వెంటు ఉన్నాయి కాబట్టి టేపు పట్టుకుని కొలిచి చూడండి.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45. వాణిజ్య ప్రాంతంలో పగలు 65, రాత్రి 55. ఇక్కడ పగలంటే ఉదయం ఆరు నుంచి రాత్రి పది దాకా. మీ సొంత సౌండు సెట్టు మోత మీ స్థలం సరిహద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెళ్లకు మించి దాటకూడదు. అంటే వెనక ఇళ్లుంటే, పది గంటలలోపు మీ ప్రహరీ దగ్గర 60కి లోబడి ఉండాలి.

ఇప్పుడు లోపలి లెక్క. మామూలు డ్రమ్ సెట్టును గట్టిగా వాయిస్తే చిన్న గదిలో 100 డెసిబెళ్లు తేలిగ్గా దాటుతుంది. 100లోంచి 60 తీసేస్తే 40. ఆ 40 డెసిబెళ్లను మీ గోడలు, తలుపులు, పైకప్పు మింగాలి. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ, రెండువైపులా ప్లాస్టరింగుతో, సుమారు 50 మింగుతుంది. మామూలు ఫ్లష్ డోరు 20, 25 దాకానే. రేకుల పైకప్పు కూడా దాదాపు అంతే. అందువల్ల మేడ మీద రేకుల షెడ్డు వేసి నడిపే బార్లలో రాక్ కుదరదు. అక్కడ గజళ్లో, ఒంటి గిటార్ పాటలో పెట్టుకోండి.

ఈ అంకెలు కూడా మధ్యస్థాయి, హెచ్చు స్వరాలకే. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్‌లో మోగుతుంది. దాని తరంగం ఎనిమిది మీటర్లకు పైగా పొడవు. అంత పొడవాటి తరంగాన్ని గోడ సులువుగా ఆపలేదు. పక్కింటి మంచాన్ని వణికించేది గాయకుడి గొంతు కాదు, ఆ మంద్ర స్వరమే. కాబట్టి పరీక్ష ఇలా చేయండి. ఒక పెద్ద స్పీకరు అద్దెకు తెచ్చి, బేస్ బాగా ఉన్న పాట లోపల పెట్టి, తలుపులు మూసి, ఫోనులో డెసిబెల్ మీటర్ యాప్‌తో సందంతా తిరగండి. యాప్ అంకెలు కచ్చితంగా ఉండవు కానీ, ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ అన్నది తెలుస్తుంది. వీలైతే పక్కింటివారిని అడిగి వారి పడకగదిలో రెండు నిమిషాలు నిలబడి వినండి. ఆ పలకరింపు మీకు తర్వాత చాలా పనికొస్తుంది.

2. కాగితాలు

బార్ లైసెన్సు, ఆహార భద్రత లైసెన్సు, నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు, అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం ఇప్పటికే ఉంటాయి. కొత్తగా కావలసినవి రెండు.

ఒకటి, లౌడ్‌స్పీకర్ వాడకానికి లిఖితపూర్వక అనుమతి. నియమాలు చెప్పే అధికారి డీఎస్పీ స్థాయికి తగ్గరాదు కాబట్టి స్టేషన్‌లో నోటిమాటగా సరే అంటే సరిపోదు, కాగితం తీసుకోండి. మూసిన గదుల్లో రాత్రి పది తర్వాత కూడా కొంత వెసులుబాటు ఉందని కొందరు సలహా ఇస్తారు. నియమంలో ఉదాహరణగా పేర్కొన్నవి ఆడిటోరియాలు, సమావేశ మందిరాలు, కమ్యూనిటీ హాళ్లు, విందు మందిరాల వంటివి. ఆ వాదన మీద వ్యాపారం కట్టుకోవద్దు. బారులో ప్రత్యక్ష సంగీతం పెడుతున్నట్టు ఎక్సైజ్ స్టేషనుకు కూడా ముందుగా ఉత్తరం ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

రెండోది పాటల హక్కులు. బ్యాండు సినిమా పాటనో, పేరున్న ఇంగ్లీషు పాటనో వాయిస్తే, ఆ బాణీకి, సాహిత్యానికి హక్కుదారులుంటారు. రాసినవారు, స్వరపరిచినవారు మరణించాక కూడా 60 ఏళ్ల దాకా ఆ హక్కు ఉంటుంది. ఇలాంటి ప్రదర్శనలకు అనుమతులిచ్చేది ఇండియన్ పర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, అంటే ఐపీఆర్‌ఎస్. విరామంలో రికార్డు పాటలు వేస్తే దానికి వేరే లైసెన్సు కావాలి. ఆ పని ప్రధానంగా ఫోనోగ్రాఫిక్ పర్ఫార్మెన్స్ లిమిటెడ్, అంటే పీపీఎల్ చూస్తుంది. ఏ పాటలు ఎవరి పరిధిలోకి వస్తాయో కాగితం మీద అడిగి తీసుకోండి. బ్యాండు సొంత పాటలు వాయిస్తే, అవి వారు ఎవరికీ రాసివ్వనివైతే, వారి సంతకమే చాలు.

3. కన్నాలు మూయడం

గోడకు గుడ్ల అట్టలు అంటించే ఆలోచన ఎవరు చెప్పినా వినకండి. వాటితో బయటికి పోయే శబ్దం ఆగదు. బయటికి పోయే మోతను ఆపేది బరువు, సందులేని మూత. గదిలో ప్రతిధ్వనిని తగ్గించేవి మెత్తని పదార్థాలు. ఈ రెండు పనులనూ కలిపేసుకుని డబ్బు తగలేసేవారే ఎక్కువ.

మొదటి ఖర్చు తలుపు మీద పెట్టండి. బరువైన టేకు తలుపు, చుట్టూ రబ్బరు బీడింగు, కింద నేలకు ఆనే రబ్బరు పట్టీ. దానికి ముందు నాలుగైదు అడుగుల చిన్న గది కట్టి రెండో తలుపు పెడితే, మనుషులు వస్తూ పోతూ ఉన్నప్పుడు ఎప్పుడూ ఒకటి మూసే ఉంటుంది. బారులో తలుపు నిమిషానికోసారి తెరుచుకుంటుంది కాబట్టి ఈ రెండు తలుపుల ఏర్పాటుకు మించిన పెట్టుబడి లేదు. అయితే అగ్నిప్రమాదం వస్తే బయటపడే దారి ఇది కాకుండా ఇంకొకటి ఉండాలి. దానికి తాళం వేయకూడదు, ముందు బీరు కేసులు పేర్చకూడదు.

తర్వాత చూడవలసింది వంటగది ఎగ్జాస్టు ఫ్యాను, బాత్‌రూము వెంటిలేటరు, ఏసీ పైపులు వెళ్లే రంధ్రాలు. అరచేయంత కన్నం చాలు, గోడ మీద పెట్టిన ఖర్చంతా వృథా కావడానికి. వెనక సందు వైపు కిటికీలను లోపలినుంచి ఇటుకతో మూసేయడమే అన్నిటికన్నా చవక.

ప్రతిధ్వని తగ్గించడానికి రాతి నారతో చేసిన రెండు అంగుళాల రాక్‌వూల్ పలకలను చెక్క ఫ్రేముల్లో అమర్చి పైన గోనెగుడ్డ బిగించండి. జనపనార మిల్లులకు పేరున్న జిల్లాలో గుడ్డకు కరువు లేదు. దానికి మంట అంటుకోకుండా చేసే రసాయనం పట్టించడం తప్పనిసరి. సోఫాల్లో వాడే ఫోమ్ మాత్రం ఒక్క ముక్క కూడా గోడకు ఎక్కకూడదు. 2003లో అమెరికాలోని రోడ్ ఐలాండ్‌లో ది స్టేషన్ అనే క్లబ్బులో రాక్ కచేరీ మొదట్లో కాల్చిన బాణసంచా గోడల ఫోమ్‌కు అంటుకుని 100 మంది చనిపోయారు. 2013లో బ్రెజిల్‌లోని కిస్ క్లబ్బులో అదే రకంగా 242 మంది పోయారు. కాబట్టి లోపల చిచ్చుబుడ్లు, కాకరపువ్వొత్తులు, పుట్టినరోజు కేకు మీద పెట్టే నిప్పురవ్వల కొవ్వొత్తి కూడా వద్దు.

4. వేదిక, కరెంటు

ఎత్తయిన చెక్క వేదిక కట్టించాలని అందరికీ ఉంటుంది. లోపల బోలుగా ఉన్న వేదిక తానే ఒక డ్రమ్ము అవుతుంది. నేలమీదే మందపాటి రబ్బరు షీటు, దానిపై తివాచీ వేస్తే చాలు. పది అడుగులకు పన్నెండు అడుగుల చోటు నలుగురికి సరిపోతుంది. ఇళ్లవైపు గోడకు వీలైనంత దూరంగా, వంటగదికి వెళ్లే దారికి అడ్డం లేకుండా పెట్టండి.

కరెంటు దగ్గర పిసినారితనం ప్రాణాల మీదికి తెస్తుంది. గిటార్ యాంప్లిఫయరుకు ఒక చోటి నుంచి, మైకు సెట్టుకు మరో చోటి నుంచి కరెంటు ఇచ్చి, ఒకదానికి ఎర్తింగు సరిగా లేకపోతే, తీగల మీద చేయి ఉంచి పెదవి మైకుకు తగిలించిన క్షణంలో గాయకుడికి షాకు కొడుతుంది. పెళ్లి పందిళ్లలో వాద్యకారులు చాలామందికి ఇది అనుభవమే. వేదికకు మీటరు బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగించండి. వేదిక మీద ఉన్నదంతా ఒకే ఫేజు మీద, ఒకే ఎర్తు మీద ఉండాలి. ఆ లైనుకు, కరెంటు ఎక్కడైనా లీకైతే చటుక్కున ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఫ్రిజ్జులు, మిక్సీలు వేరే ఫేజు మీదకు వెళ్లాలి, లేకపోతే స్పీకర్లలో గుయ్ మనే మోత తప్పదు. ప్రతి ప్రదర్శనకు ముందు మల్టీమీటరుతో మైకు జాలీకి, గిటార్ తీగలకు మధ్య ఓల్టేజి చూడాలి. నాలుగైదు ఓల్టులు కనబడినా ఆపి కారణం వెతకండి.

జనరేటరుకు మారేటప్పుడు డిజిటల్ మిక్సరు ఆరిపోయి మళ్లీ లేవడానికి నిమిషం పడుతుంది. దానికొక చిన్న యూపీఎస్ తగిలిస్తే పాట మధ్యలో ఆ ఇబ్బంది ఉండదు.

5. పెట్టెలు

మన జిల్లాలో సౌండ్ అంటే డీజే బాక్సులు. ఊరేగింపుకు అవి సరే. నలభై మంది గదికి మంద్ర స్వరాలకే వాడే సబ్ ఊఫర్ అవసరమే లేదు, పైగా పక్కింటితో తగవు పెట్టేది అదే. యాంప్లిఫయరు లోపలే ఉండే పన్నెండు అంగుళాల పవర్డ్ స్పీకర్లు రెండు, పన్నెండు చానెళ్ల మిక్సరు, ఎస్‌ఎం58 తరహా గాత్రపు మైకులు మూడో నాలుగో, వాద్యకారులకు తమ పాట తమకు వినబడేలా ఎదురుగా పెట్టే మానిటర్ స్పీకర్లు రెండు. దీంతో మొదలుపెట్టండి.

స్పీకర్లను మనిషి తలకన్నా కాస్త ఎత్తున, కొద్దిగా కిందికి వంచి, గాయకుడి మైకుకన్నా ముందుకు, జనంవైపు ఉంచాలి. గాయకుడి వెనక పెడితే మైకు కూత పెడుతుంది. ఈ రకం మైకు తన వెనకవైపు, అంటే జనంవైపు ఉండే కొన దగ్గరి శబ్దాన్ని తక్కువగా తీసుకుంటుంది కాబట్టి మానిటర్ దాని వెనకనే ఉండాలి.

డ్రమ్ సెట్టు మాత్రం బారుకే సొంతంగా ఉండటం మేలు. బ్యాండును మోతపని నుంచి తప్పించడం ఒక లాభం. ఎంత మోగే సెట్టు ఉండాలో మీరే నిర్ణయించడం అసలు లాభం. కాలితో వాయించే కిక్ డ్రమ్ము 18 లేదా 20 అంగుళాలది తీసుకుని లోపల దిండు పెట్టండి. మామూలు కర్రల బదులు సన్నని పుల్లల కట్టలా ఉండే రాడ్స్ అందుబాటులో ఉంచండి. వాటితో వాయిస్తే ఊపు ఉంటుంది, మోత బాగా తగ్గుతుంది. గిటార్లకు 15 వాట్ల యాంప్లిఫయరు చాలు. దాన్ని నేలమీద కాకుండా కుర్చీ మీద, వాయించేవాడి చెవివైపు వంచి పెట్టాలి. మోకాళ్ల దగ్గర మోగితే తనకు వినబడటం లేదని వాల్యూమ్ పెంచుతూ పోతాడు. గిటారిస్టులతో సగం గొడవ ఇక్కడే తీరిపోతుంది.

మిక్సింగు కింది నుంచి పైకి చేయండి. ముందు డ్రమ్ములు వట్టిగా, మైకు లేకుండా. వాటికి తగ్గట్టు బేస్, దానికి తగ్గట్టు గిటార్, అన్నిటిపైన గొంతు. మాటలు స్పష్టంగా వినబడకపోతే గొంతు పెంచవద్దు, మిగతావి తగ్గించండి. గది మధ్యలో సగటున 92 డెసిబెళ్ల దగ్గర ఆపగలిగితే రాక్ రుచీ పోదు, చెవులూ పోవు. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 94 డెసిబెళ్లలో రోజుకు ఒక గంట, 100లో పావుగంట మాత్రమే సురక్షితం. వినేవారు ఒక రోజు వచ్చి పోతారు, మీ వెయిటర్లు ప్రతి వారం అక్కడే ఉంటారు. వారికి ఇయర్ ప్లగ్గులు కొనివ్వండి.

6. వాద్యకారులు ఎక్కడ దొరుకుతారు

ఇంజినీరింగ్ కళాశాలల్లో బ్యాండులకు లోటు లేదు, కానీ ఇక్కడొక చిక్కు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. రెండో ఏడాది, మూడో ఏడాది కుర్రాళ్లు ఆ వయసు లోపే ఉంటారు. వేదిక మీదికి వారినీ, వారి వెంట వచ్చే స్నేహితుల గుంపునూ బారులోకి రానిస్తే లైసెన్సుకు ముప్పు. 21 దాటినవారినే తీసుకోండి, గుర్తింపు కార్డు చూడండి.

మంచి డ్రమ్మర్లు, బేస్ గిటారిస్టులు కావాలంటే చర్చిల్లో వాకబు చేయండి. వారం వారం కలిసి వాయించే అలవాటు, తాళం నిలకడ వారికున్నంతగా ఇంకెవరికీ ఉండదు. బారులో వాయించడానికి కొందరు ఒప్పుకోరు, ఆ మాటను గౌరవించి ఊరుకోండి. ఆర్కెస్ట్రాలలో వాయించే పెద్దవారు ఉన్నారు. విశాఖ బ్యాండులు అరవై కిలోమీటర్ల దూరంలోనే ఉన్నా, రాత్రి తిరుగు ప్రయాణానికి కారు మీరే చూడాలి.

పారితోషికం ముందే మాట్లాడండి, సగం అడ్వాన్సుగా ఇవ్వండి. "మీకు ప్రచారం వస్తుంది కదా" అనే మాట నోటికి రానివ్వకండి. ఒక పేజీ ఒప్పందం చాలు: వేళ, డబ్బు, భోజనం, పాటల జాబితా, వాల్యూమ్ మీద చివరి మాట బారుదేనన్న వాక్యం.

పాటల్లో సగం సినిమా పాటలే ఉంటాయి, ఉండనివ్వండి. అయితే ప్రతి భాగంలో కనీసం రెండు సొంత పాటలు ఉండాలని షరతు పెట్టండి. 1973లో న్యూయార్క్‌లో హిలీ క్రిస్టల్ తెరిచిన సీబీజీబీ కూడా ఇరుకు బారే. సొంత పాటలు వాయించే బ్యాండులకే అక్కడ చోటన్నాడు. రమోన్స్, టాకింగ్ హెడ్స్ వంటి బ్యాండులు అక్కడి నుంచే వచ్చాయి. మన దగ్గర తప్పెటగుళ్లు, జముకు ఉన్నాయి. ఆ దరువు మీద గిటార్ కట్టమని కుర్రాళ్లను అడిగి చూడండి. బాగా కుదిరితే జనం దానికోసమే మళ్లీ వస్తారు. కుదరకపోయినా పోయేది ఒక పాట.

7. ఆ సాయంత్రం

సౌండ్ చెక్ ఆరు గంటలలోపు ముగించండి. ఏడుంబావుకు మొదలుపెట్టి నలభై అయిదు నిమిషాలు, ఇరవై అయిదు నిమిషాల విరామం, మళ్లీ నలభై అయిదు నిమిషాలు. తొమ్మిది గంటల పది నిమిషాలకు చివరి పాట ముగియాలి, ఎవరైనా కోరితే ఇంకొకటి. తొమ్మిదిన్నరకు యాంప్లిఫయర్లు ఆరిపోవాలి. పది దాకా హక్కు ఉంది కదా అని లాగవద్దు. ఆ అరగంట పక్కింటివారికి వదిలేయండి. బయట నిలబడి గట్టిగా మాట్లాడేవారి గొడవ కూడా వారికి మీ సంగీతంగానే లెక్క. ఒక మనిషిని గుమ్మం దగ్గర దానికే పెట్టండి. తాగి బండి నడపకుండా రెండు ఆటోలు మాట్లాడి ఉంచండి.

వంటగది లయ వేరుగా ఉంటుంది. పాట సాగుతున్నంతసేపు ఆర్డర్లు పలచగా, విరామంలో ఒక్కసారిగా వస్తాయి. అందుకని ఆ సాయంత్రం మెనూ కుదించండి. ఉల్లిపాయ, నిమ్మరసం కలిపిన ఉడికించిన వేరుశనగలు, పలాస జీడిపప్పు వేపుడు, ముందే మసాలా పట్టించిన చేప ముక్కలు, చికెన్ పకోడీ. పది నిమిషాల్లో బల్ల మీదికి రానిది ఏదీ వద్దు. మోతలో వెయిటరుకు మాట వినబడదు కాబట్టి బల్లల మీద పెన్సిలు, టిక్కు పెట్టే చీటీలు ఉంచండి. రెండో భాగం మొదలయ్యేలోపే అప్పటిదాకా బిల్లు వేసి ఇచ్చేస్తే చివర్లో తోపులాట ఉండదు.

ఆడవాళ్లు రావాలంటే "ఫ్యామిలీ సెక్షన్" బోర్డు ఒక్కటే చాలదు. శుభ్రమైన విడి బాత్‌రూము, వెలుతురున్న పార్కింగు, పిచ్చివేషాలు వేసేవాణ్ని బయటికి పంపే మేనేజరు కావాలి. ఇవి లేకుండా మొదలుపెట్టిన చోట గది నిండా మగవాళ్లే మిగులుతారు.

8. వారం, మాసం, డబ్బు

లెక్కకు ఒక ఉదాహరణ తీసుకుందాం. బ్యాండుకు 8,000, సౌండ్ ఆపరేటరుకు 1,500, పోస్టర్లకు, చిల్లరకు 500, మొత్తం 10,000 రూపాయలు. మీకు అమ్మకంలో నూటికి 40 మిగిలితే, ఆ పదివేలు రాబట్టడానికి మామూలు రోజుకన్నా 25,000 ఎక్కువ అమ్మాలి. నలభై కుర్చీలకు పంచితే కుర్చీకి 625. ఎలాగూ నిండే ఆదివారం రాత్రి ఇది సాధ్యం కాదు. ఖాళీగా ఉండే రోజునే ఎంచుకోవాలి.

ఖాళీ రోజులన్నీ పనికిరావు. మంగళవారం పైడితల్లి అమ్మవారి రోజు, శనివారం వెంకన్న రోజు. ఆ రెండు రోజులూ మాంసం, మందు ముట్టనివారు ఈ ఊళ్లో చాలామంది. మిగిలినవాటిలో నా ఓటు శుక్రవారానికి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబరు 2 అమ్మకం ఉండదు, ఎన్నికలప్పుడు కూడా. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ వారం పోలీసులకూ ఊరికీ వేరే పనే ఉండదు, అనుమతి అడగకపోవడమే మర్యాద.

కార్తీకమాసం నెల్లాళ్లూ అమ్మకం పడిపోతుంది, అయ్యప్ప దీక్షలు కూడా అప్పుడే మొదలవుతాయి. ఆ నెల బ్యాండును పిలవకండి. డ్రమ్ము తోళ్లు మార్చడం, కేబుళ్లు ఒక్కొక్కటి విప్పి టంకం వేయించడం, తలుపుల రబ్బరు పట్టీలు కొత్తవి పెట్టడం, ఎర్తు గొయ్యి పరీక్ష చేయించడం అప్పుడే చేయించుకోండి. మాసం దాటాక వచ్చే మొదటి శుక్రవారానికి మాత్రం బ్యాండును దీపావళికి ముందే మాట్లాడి అడ్వాన్సు ఇచ్చేయండి. డిసెంబరు వచ్చిందంటే మంచి డ్రమ్మర్లంతా క్రిస్మస్ పాటల సాధనలో ఉంటారు, ఎంత ఇస్తామన్నా దొరకరు.